తిప్పతీగ కానిది

2022 సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా పెరటి గోడ మీది తీగకు మొదటి పువ్వు కనిపించింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే కారణం మా అమ్మ. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్లిన ఆమె, "అమ్మాయ్, నీ తిప్పతీగకి బాతు కాసిందే, వచ్చి చూడు" అని పిలిచింది. నేను గడియారం చూశాను. పరీక్షలు రాసిన రోజుల నుంచి, ఆపద ఎదురైతే ముందు గడియారం చూడటం నాకు అలవాటు.

ఆ తీగ 'నాది' ఎలా అయిందో చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. బీయస్సీలో నేను చదివిన మూడు సబ్జెక్టులలో వృక్షశాస్త్రం ఒకటి. మిగిలిన రెండింటినీ పక్కన పెట్టి, "మా అమ్మాయి మొక్కల మీద డిగ్రీ చేసిందండి" అని వ్యవసాయం చేసే మా నాన్నగారు వీధిలో చెప్పుకున్నారు. ఆనాటి నుంచి మా అరుగు మీదికి ఆకులు రావడం మొదలైంది. గలిజేరు, ఉత్తరేణి, నేలవేము. తెచ్చినవారికి వాటి పేర్లు తెలుసు. వారికి కావలసింది చదువుకున్న తల ఒకటి ఊగడం. నేను ఊపేదాన్ని. ఆ విధంగా నా కీర్తికి చాలాకాలం భంగం కలగలేదు.

ఈ తీగ మాత్రం పేరు చెప్పకుండా వచ్చింది. కడియం నర్సరీ నుంచి తెచ్చిన జామ అంటుతో పాటు దాని మట్టిగడ్డలో దాగి వచ్చి, జామను దాటి గోడ ఎక్కింది. ఆకు హృదయాకారంలో ఉంది. ఊరంతా తిప్పతీగ కషాయం మీద గురి కుదిరిన కాలమది. నాన్నగారు ఇదేమిటని అడిగితే, నేను ఆకును రెండు వైపులా తిప్పి చూసి, గొంతు సవరించుకుని, "తిప్పతీగ" అన్నాను. కాండం చూడలేదు. పుస్తకం తెరవలేదు. పువ్వు వచ్చేదాకా ఆగుదామన్న ఆలోచన కూడా రాలేదు.

ఎదురింటి పిన్నిగారికి షుగరు ఉంది. నాన్నగారు ఆమెను స్వయంగా పిలిచి తీగను చూపించారు. అప్పటి నుంచి మూడు నెలలుగా ఆమె ప్రతి ఉదయం వచ్చి, నాలుగు ఆకులు కోసుకుని, "నీ చదువు వల్ల నా షుగరు దిగిందమ్మా" అని నన్ను దీవించి వెళ్తున్నారు.

ఇప్పుడు గోడ మీద బాతు వేలాడుతోంది. ఉబ్బిన పొట్ట, వంగిన మెడ. ముఖం మాత్రం వంకాయ రంగు మీద తెల్లటి గీతలు గీసిన వెడల్పాటి రేకు. తిప్పతీగ పువ్వు ఆవగింజకన్నా కాస్త పెద్దదిగా, పసుపుపచ్చగా ఉంటుందని నాకు తెలుసు. అంటే మూడు నెలలుగా పిన్నిగారు తాగుతున్నది ఏమిటో నాకు తెలియదు. కాఫీ గ్లాసు గోడ మీద పెట్టేశాను.

ఫోనుతో ఫోటో తీసి వెతికితే ఒకసారి ఆర్కిడ్ అంది, మరోసారి సముద్రపు గవ్వ అంది. చివరికి పువ్వును కోసి, స్టీలు పళ్లెంలో పెట్టి, కొత్త బ్లేడుతో పొట్ట చీల్చాను. కాలేజీలో అటువంటి పని నేనెప్పుడూ చెయ్యలేదు. నా రికార్డులో అతికించిన ఎండు మొక్కలన్నీ సీనియర్ల దగ్గర నుంచి వచ్చినవి. గుండ్రటి అక్షరాలతో పేర్లు రాయడం వరకే నా శ్రమ. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పొట్ట చీలగానే లోపలి నుంచి మూడు చిన్న ఈగలు బయటికి వచ్చి, పళ్లెం అంచున కాళ్లు దులుపుకుని ఎగిరిపోయాయి.

"పూలో ఈగలేంటే" అని అమ్మ పక్కకు జరిగింది.

నాకు మాత్రం ఈగలతో పాటు జవాబు కూడా బయటికి వచ్చింది. ఈగలను లోపల బంధించి, పుప్పొడి పులిమి, మర్నాడు విడిచిపెట్టే పువ్వు: అరిస్టొలోకియా. రెండు మార్కుల ప్రశ్న. ఆ వాక్యాన్ని కంఠస్థం చేసి, రాసి, రెండు మార్కులూ తెచ్చుకున్నాను. ఆ పువ్వు నిజంగా ఉంటుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మా పాత లెక్చరరు గారికి ఫోటోలు పంపి ఫోను చేశాను. పేరు సరిగ్గానే పట్టానని, మన చేలగట్ల మీది గాడిదగడపకు ఇది దగ్గర చుట్టమని, తోటల్లో పువ్వు కోసం పెంచుతారని ఆయన వివరించారు. తర్వాత మామూలుగానే అడిగారు.

"కిడ్నీలకి మంచిది కాదమ్మా. ఎవరూ తినలేదు కదా?"

మళ్లీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

సంగతి విని నాన్నగారు తను వెళ్లి చెబుతానన్నారు. నేను వద్దన్నాను. అయినా వెనకే వచ్చారు. పిన్నిగారు వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఉపోద్ఘాతం ఒకటి సిద్ధం చేసుకుని వెళ్లాను గాని, ఆమె ముఖం చూడగానే మొదటి వాక్యమే మరిచిపోయాను.

"పిన్నిగారూ, అది తిప్పతీగ కాదండి. నాకు తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను. అది విషం. మనం డాక్టరు దగ్గరికి వెళ్దాం, రండి."

పిన్నిగారు చిక్కుడుకాయ పక్కన పెట్టారు. భయపడతారనుకున్నాను. కాని ఆమె దొరికిపోయిన మనిషిలా తల దించుకున్నారు.

"నువ్వేమీ అనుకోనంటే చెప్తానమ్మాయ్. మొదటి రోజు ఒక్క గుక్క తాగాను. ఆ వాసన నాకు పడలేదు. ఆ తర్వాత ముట్టుకోలేదమ్మా."

"మరి షుగరు దిగిందన్నారు కదండి?"

"అది మాత్రలకి దిగింది. అంత చదువుకున్న పిల్ల చెప్పాక, బాగోలేదంటే ఏం బాగుంటుంది చెప్పు."

"మరి రోజూ కోసుకెళ్లడం ఎందుకండి?"

పిన్నిగారు మా నాన్నగారి వైపు చూశారు. "ఒక్క పూట రాకపోతే, 'ఇవాళ ఆకులకి రాలేదేంటండి' అని మీ నాన్నగారు గుమ్మంలోకి వచ్చి అడుగుతున్నారమ్మా. ఏం చెయ్యమంటావు."

నాన్నగారు చిక్కుడుకాయల పళ్లెం వైపు ఎంతో శ్రద్ధగా చూశారు.

కోసిన ఆకులన్నీ దొడ్డి వెనక గోతిలోకి చేరాయట. అయినా మర్నాడు ఆమెను రామచంద్రపురం తీసుకెళ్లి పరీక్షలు చేయించాను. కిడ్నీలు బాగున్నాయని డాక్టరు చెప్పేవరకు గడియారం చూస్తూనే ఉన్నాను. పిన్నిగారు మాత్రం ఆటోలో వెళ్తున్నంతసేపూ, వస్తున్నంతసేపూ నన్నే ఓదార్చారు.

ఆ సాయంత్రం నాన్నగారు గోడ దగ్గర నిలబడి, సన్నటి కాడను వేలితో మీటుతూ అన్నారు. "తిప్పతీగ కాడ ఇలా ఉండదమ్మా. నాకప్పుడే అనిపించింది. నువ్వు చదువుకున్నావు కదా అని ఊరుకున్నాను."

చదువు వల్ల ఒక రైతు తన కంటిని నమ్మడం మానేశాడన్న సంగతి నాకు పిన్నిగారి అబద్ధంకన్నా పెద్దగా తోచింది. ఇకమీదట ఊరుకోవద్దని ఆయన్ను బతిమాలాను. సీనియర్ల ఎండు మొక్కల సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. పేర్లైనా నేనే రాశానా అని ఆయన అడిగారు. అవునన్నాను. కాస్త కుదుటపడ్డారు.

తీగను అమ్మ పీకనివ్వలేదు. ఎవరూ నోట్లో పెట్టుకోకుండా ఉంటే చాలంది. ఇప్పుడు ఎవరైనా ఆకు తెస్తే, ముందు నాన్నగారు తనకు తోచిన పేరు చెబుతారు. నేను తెలియదని చెప్పి, పువ్వు వచ్చేదాకా ఆగమంటాను. అరుగు మీదికి వచ్చే ఆకులు సగానికి తగ్గాయి. పిన్నిగారు ఆకులకు రావడం మానేసి కాఫీకి వస్తున్నారు. బాగోకపోతే బాగోలేదనే చెబుతున్నారు.