పాటలోంచి కోసేసిన ఖాళీ

మా మరిది మీద కోపం నాకు ఇవాళ్టికీ పోలేదు. పోవాలని ప్రార్థన కూడా చేశాను. సగం ప్రార్థనలో ఆ సంగతే గుర్తొచ్చి, కళ్లు మూసుకునే పళ్లు కొరుక్కునేదాన్ని. దేవుడికి అలా రెండు మొహాలు చూపించడం కంటే రాసేయడం మేలనిపించింది. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరం వంకర పోతే పోతుంది గాని, జరిగింది మాత్రం వంకర పోనివ్వను.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున. నా పెళ్లినాటికి మరిది ఏడో తరగతి. చేపల పులుసు లేకపోతే కంచం ముందుకు తోసేసేవాడు. వాడి కోసం ముల్లు తీసి పెట్టిన చేతులివి. పెద్ద చదువు చదివాడు, ఏలూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడి చర్చిలో కీబోర్డు వాయించేవాడు. నాకు గర్వంగానే ఉండేది. అది దాచను.

ఇక పాట సంగతి. ఒక ఏడాది కొల్లేరు పొంగి మా ఊడ్పులు రెండుసార్లు మునిగాయి. నారు కుళ్లి వాసన కొట్టింది. మూడోసారి మళ్లీ మడిలో దిగినప్పుడు, ఏడుపు ఆపుకోవడానికి నా నోట్లోంచి ఒక పాట వచ్చింది.

నీళ్లు నడుము దాకా వచ్చినా నీ చెయ్యి వదలనయ్యా,
నారు ముమ్మారు కుళ్లినా నీ మాట మరువనయ్యా.

వరసలో ఉన్న పదిమందీ అందుకున్నారు. ఊడ్చేటప్పుడు మేము వెనక్కి నడుస్తామండి. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో గుచ్చుకుంటూ పోవడం. ఒక లైను పాడడం అయ్యేసరికి చేతికందినంత మేర నిండుతుంది. అప్పుడు కాలు బురదలోంచి లాగి ఒక అడుగు వెనక్కి వేయాలి. ఆ కాలు లేచి మళ్లీ దిగేదాకా పాట ఆగుతుంది. ఎవరూ నోరు తెరవరు. నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. అందరి కాళ్లూ దిగాక రెండో లైను. ఆ ఆగడం కూడా పాటలో ముక్కే. మా ఊరి చర్చిలో ఆదివారం ఆ పాట పాడేటప్పుడు కూడా, గచ్చు మీద నిలబడి కూడా, ఆడవాళ్లందరం అక్కడ ఆగేవాళ్లం. మొదట్లో పాస్టర్‌గారు తొందరపడి ముందుకు పోయి ఒంటరిగా దొరికిపోయేవారు. నాలుగు వారాలకు ఆయనకీ అలవాటైంది.

తర్వాత కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడాది వచ్చింది. చెరువు కాపలా పని పోయి మా ఆయన ఇంట్లో ఉన్నారు. ఆ రోజుల్లో మరిది వచ్చి, పాటలు రికార్డు చేసే పెట్టె ఒకటి కొన్నానని, చర్చి పాటలతో సీడీ చేస్తున్నానని, అందులో నా పాట కావాలని అడిగాడు. ఎవరు పాడతారని నేను అడగలేదు. నా పాట కావాలన్నాడు, వచ్చి పాడమన్నాడు. ఇక అడిగేదేముంది?

ఏలూరులో వాడి ఇల్లు రైలుకట్ట పక్కన. మధ్యాహ్నం ఎండలో కిటికీలకి బొంతలు కట్టాడు, ఫ్యాను ఆపాడు. పెట్టె చూస్తే పుస్తకమంత ఉంది. పైన జరిపే మీటలు వరసగా ఎనిమిది. ఇందులో ఎనిమిది గొంతులు విడివిడిగా దాచొచ్చని, ఒకదాన్ని పెంచి ఒకదాన్ని తగ్గించొచ్చని, ఒకటి తీసేసినా మిగతావాటికి ఏమీ కాదని చెప్పాడు. ఎనిమిది గదుల ఇల్లన్నమాట, అన్నాను. నవ్వాడు.

చెవులకు డిప్పలు పెట్టాడు. లోపల బల్లి కొట్టినట్టు టిక్కు టిక్కు టిక్కు. తాళం తప్పకుండా ఉండడానికట, దానితో పాటు పాడమన్నాడు. నేను లైను పాడి ఆగాను. నేను ఆగినా అది ఆగదే. మళ్లీ అందుకునేసరికి అది ఎక్కడో ఉంది, నేను ఎక్కడో ఉన్నాను.

"వదినా, మీకు టైమింగ్ కుదరట్లేదండీ."

నాకు టైమింగ్ లేదట. నా గొంతు మీద పదిమంది కాళ్లు ఒక్కసారి లేచి ఒక్కసారి దిగేవి, నాకు టైమింగ్ లేదట. అయినా పిల్లాడు కదా అని ఊరుకున్నాను. గూడ్సు బండి వచ్చినప్పుడల్లా ఆపాం, అది పోయాక మళ్లీ మొదలుపెట్టాం. చివరికి టిక్కు తీసేసి, నా ఇష్టం వచ్చినట్టు పాడమన్నాడు. కళ్లు మూసుకుని మడిలో ఉన్నట్టే పాడాను. చెమటకి రవిక తడిసిపోయింది. చాలా బాగుంది వదినా అన్నాడు. బస్సెక్కి ఇంటికొచ్చి ఊరంతా చెప్పాను.

సీడీ విడుదల ఏలూరు చర్చిలో. మా వరస ఆడవాళ్లు ఎనిమిదిమందిని తీసుకుని బస్సులో వెళ్లాను. అందరం పండక్కి కట్టే చీరలే కట్టాం. పెద్ద స్పీకర్లు పెట్టారు. ముందు కీబోర్డు, తర్వాత తబలా, తర్వాత నా పాట మొదటి లైను.

నా గొంతు కాదు.

నా పక్కన కూర్చున్నది మా పొరుగావిడ. నాతో పాటు ఇరవై ఏళ్లుగా మడిలో దిగిన మనిషి. నా చెవిలో నెమ్మదిగా అంది, "ఏమే, నీ గొంతు ఇంత సన్నంగా ఎప్పుడైందే? ఏలూరు నీళ్లు తాగావా?"

తర్వాత తెలిసింది, మరిది తాడేపల్లిగూడెం నుంచి సంగీతం నేర్చుకున్న అమ్మాయిని పిలిపించి పాడించాడట. ఆ అమ్మాయిని నేను ఏమీ అనను. తేనెలాంటి గొంతు, చెప్పినట్టు పాడింది. కానీ లైను అయిపోగానే రెండో లైను వచ్చేసింది. మధ్యలో ఆగడం లేదు. మా వాళ్లు ఎనిమిదిమందీ అలవాటుగా ఆగి, పాట తమను వదిలేసి వెళ్లిపోతుంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీడీ అట్ట చేతికిచ్చారు. కూడబలుక్కుని చదివాను. రచన, సంగీతం అన్నచోట మరిది పేరు. నా పేరు వెనకాల కృతజ్ఞతల్లో ఉంది, జనరేటర్ ఇచ్చినాయన పేరు కింద.

భోజనాల దగ్గర వాడిని పక్కకు పిలిచాను. వాడు కంగారు పడలేదు. అదే నాకు ఇంకా మంట. గోడ కట్టేటప్పుడు పరంజా వేస్తారు కదా, గోడ లేచాక తీసేస్తారు కదా, మీ గొంతు అలాంటిదే, ఆ అమ్మాయి మీ గొంతు వింటూనే నేర్చుకుందండీ అన్నాడు. మధ్య ఖాళీలు వింటే పాట తెగిపోయినట్టు ఉందని కోసేశాడట. నేను చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చేశాను.

అంతటితో అయితే ఏదో సర్దుకునేదాన్ని. ఆ సీడీ మా ఊళ్లో ఇంటింటికీ చేరింది. పొద్దున్నే ఏ గుమ్మం ముందునుంచి వెళ్లినా అదే. మా ఇంట్లో మా ఆయన కూడా పెట్టేవారు. "ఎవరి గొంతైతేనేం, పాట నీదేగా" అనేవారు. నేను కూర తరుగుతూ వినేదాన్ని, అంట్లు తోముతూ వినేదాన్ని. తిట్టుకుంటూనే వినేదాన్ని.

మరుసటి ఊడ్పులకి మడిలో దిగాం. నేను పాట ఎత్తాను. లైను పాడి, కాలు లాగి ఆగాను. వరసలో సగంమంది ఆగలేదు. సీడీలోలాగా రెండో లైనుకు వెళ్లిపోయారు. కాళ్లు కొందరివి లేచాయి, కొందరివి దిగాయి. వరస పాములా వంకర తిరిగింది. గట్టు మీద రైతు, ఇవాళ మీకేమైందమ్మా అని అడిగాడు. నేను అందరినీ ఆపి, పాట అలా కాదన్నాను.

మా పొరుగావిడే నడుం పట్టుకుని లేచి చెప్పింది. వెటకారం కాదు, నిజంగానే నా మంచికోసం చెప్పింది.

"అలాక్కాదే. నువ్వు మర్చిపోయినట్టున్నావు. సీడీలో అలా లేదు."

నా పాట నాకు సరిదిద్దింది. ఆ రోజు బురదలో నిలబడి నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో నారు కట్ట పిసికేశాను. అది చూసుకుని ఇంకా ఏడుపొచ్చింది. నారు ఏం పాపం చేసింది?

మర్నాడు పనికి వెళ్లలేదు. ఏలూరు బస్సెక్కాను. మరిది కాలేజీ నుంచి వచ్చేదాకా వాడి గుమ్మంలో కూర్చున్నాను. రాగానే ఒకటే అడిగాను. నేను పాడింది ఆ పెట్టెలో ఉంటుంది కదా, అది నాకు సీడీగా చేసి ఇయ్యి, మా వాళ్లకు వినిపించాలి, పాట ఎలా ఉండేదో వాళ్ల చెవులతో వాళ్లే వినాలి అన్నాను.

వాడు తల దించుకున్నాడు.

"లేదు వదినా. పెట్టెలో కార్డు నిండిపోయింది. మీది తీసేసి దాని మీద కోరస్ పెట్టాను."

"ఎనిమిది గదులున్నాయన్నావు కదా అబ్బాయ్. ఒక్కటి నాకు ఉంచలేకపోయావా?"

వాడు లోపలికి వెళ్లి పెట్టె తెచ్చాడు. ఇప్పుడే పాడండి వదినా, టిక్కు పెట్టను, కీబోర్డు పెట్టను, మీరు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి, ఒక్క ముక్క కూడా కోయనని ప్రమాణం చేసినట్టు చెప్పాడు. బొంతలు కట్టాడు. ఒక ముడి జారిపోతే మళ్లీ మళ్లీ కట్టాడు. అప్పుడు నాకు కొంచెం జాలేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

గొంతు సవరించుకుని ఎత్తాను. మొదటి లైను. రెండో లైను. చరణం. మళ్లీ మొదటి లైను. గూడ్సు బండి కూడా రాలేదు. మొత్తం పాడేసి కళ్లు తెరిచాను. వాడి మొహం వెలిగిపోతోంది.

"వదినా, ఈసారి టైమింగ్ ఎంత బాగా కుదిరిందో తెలుసాండీ. సీడీకి సరిగ్గా సరిపోయింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. వినిపించమన్నాను. డిప్పల్లో నా గొంతే, నా గరుకు గొంతే. లైను అవగానే లైను పరిగెత్తుతోంది. నేను ఎక్కడా ఆగలేదు. నన్నెవరూ తొందరపెట్టలేదు, టిక్కు లేదు, తాడేపల్లిగూడెం అమ్మాయి లేదు. నా కాళ్లే నా మాట వినలేదు. ఏడాది పాటు తిట్టుకుంటూ విన్నదంతా నాలోకి దిగిపోయింది.

డిప్పలు తీసి బల్ల మీద పెట్టాను. చెరిపెయ్ అన్నాను. వాడు బతిమాలాడు, చాలా బాగా వచ్చింది, ఇది మీ పేరుతో వేస్తాను, అట్ట మీద మీ పేరే ముందు ఉంటుందన్నాడు. ఏ మీటో చూపించమన్నాను. చూపించకపోతే పెట్టె ఎత్తి రైలుకట్ట మీదికి విసిరేస్తానన్నాను. నేను అన్నంత పనీ చేసే మనిషినని వాడికి తెలుసు.

చూపించాడు. నా వేలితో నేనే నొక్కాను. చిన్న అద్దంలో ఇంగ్లీషులో ఏదో వచ్చి ఆగింది. ఏమంటోంది అని అడిగాను.

"నిజంగా చెరిపెయ్యనా అని అడుగుతోంది వదినా."

"అవునని చెప్పు" అన్నాను.