తూము దగ్గర నాలుక

అల్లవరం దిగువన కాలువ తూము ఎత్తేది ఏడుకొండలే. పొద్దున్నే చుట్ట పక్కన పెట్టి, నోరు పుక్కిలించి, గుక్కెడు కాలువ నీళ్ళు నాలుక మీద నిలుపుకుంటాడు. ఉప్పు తగిలితే తూము లేవదు, తియ్యనైతే రెండో పంట దాళ్వా నారుమళ్ళకు నీరు పారుతుంది. ఊరు ఇరవై ఏళ్ళుగా ఆ నాలుకనే నమ్ముకుంది. ఆ రోజు ఎగువన రాయవరం నుంచి వచ్చిన మేనల్లుడు శివరామ్, బడి పంతులు, పక్కనే కూర్చున్నాడు.

“బొగ్గు కరెంటుకి పొగ, గ్యాసు కరెంటుకి మంట. నీళ్ళ కరెంటుకి ఏ మచ్చా లేదు మావయ్యా.”

“నీ పాఠం రాయవరం దాటి రాలేదురా. పైన డ్యాముల్లో కరెంటు కావాలన్నప్పుడే నీళ్ళొదులుతారు. వదలని రోజున సముద్రం కాలవలోకి ఎక్కుతాది.”

ఏడుకొండలు రుచి చూసి, “తియ్యనే” అని తూము ఎత్తాడు. నీళ్ళు మడుల్లోకి పారాయి. శివరామ్ ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

“ఉప్పు మావయ్యా. నోట్లో పెట్టలేం.”

ఏడుకొండలు మళ్ళీ చూశాడు. మరోసారి చూశాడు.

“రోజూ నేను తాగే మా ఇంటి బోరు నీళ్ళలాగే ఉన్నాయి కదరా” అన్నాడు మెల్లిగా. “కాలవ నీళ్ళు పది రోజులుగా ఇలాగే ఉన్నాయి. తియ్యనే అనుకుని ఎత్తేస్తున్నాను.”

తెగులనుకుని రైతులు మందు కొడుతున్న ఎర్రబారిన నారు వైపు ఇద్దరూ చూశారు.