మా అత్తమ్మ పూర్తి చేసిన క్రీమ్

మాది గోపాల్‌పేట. పోయిన ఎండాకాలం పాప పుట్టినరోజుకు కేకు మీద క్రీమ్ ఇంట్లోనే చేస్తానని కల్వకుర్తిలో ఉన్న ఆడబిడ్డకు ఫోన్‌లో గొప్పలు పోయాను. మీగడ గిన్నెను ఐసు మీద పెట్టి, చక్కెర వేసి, చేతులు పడిపోయేలా గిలక్కొట్టాను. దూదిలా పొంగింది. మురిసిపోతూ చీర మార్చుకోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా అత్తమ్మ కవ్వం కడుగుతోంది. గిన్నెలో వెన్నముద్ద తేలుతోంది.

"సగంల ఇడిసిపెట్టి పోతే వెన్న ఎట్లొస్తది బిడ్డా? మిగిలింది నేనే చిలికిన" అంది, ఎంతో దయగా.

అంతలో ఆడబిడ్డ కుటుంబం ఆటో దిగింది. పాపతో బోడి కేకు కోయించాను. "మా కోడలికి చిలుకుడు తెల్వదు, జర నేర్పియ్యాలె" అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

నా పెళ్లిరోజుకు ఆడబిడ్డ ప్రేమగా కానుక పంపింది. కొత్త కవ్వం.