నాన్న తాళాలు ఏమైపోయాయి

గుడి మైకులో వేస్తున్న భజన పాటల్లో తన తాళాలు వినపడటం లేదని నాన్న మొదటిసారి చెప్పినప్పుడు నేను పట్టించుకోలేదు. రెండోసారి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"తీపిచ్చేశాడ్రా. మీ బాబాయే. ఇంకెవడు తీపిస్తాడు?"

బాబాయ్ అంటున్నానే గాని మాకు చుట్టరికం లేదు. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో భజనకు ముందు గొంతు ఆయనది. పక్కన కూర్చుని కంచు తాళాలు వేసేది నాన్న. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. పంచాయతీ ఎన్నికల్లో చెరో పక్షాన నిలబడ్డాక నాన్న భజనకు వెళ్ళడం మానేశాడు. అంతకుముందు నరసరావుపేటలో ఒక స్టూడియోకి వెళ్ళి అందరూ కలిసి పాడిన సీడీ ఒకటి మిగిలింది. అది బాబాయ్ దగ్గర ఉంది. ఈమధ్య గుడికి కొత్త మైకు సెట్టు కొంటే, తన ఫోన్లో ఉన్న ఆ పాటల కార్డు తీసి ఇచ్చాడట.

ఆ ఆదివారం ఊరెళ్ళి గుడి ముందు నిలబడి విన్నాను. నాన్న చెప్పింది నిజమే. గొంతు ఉంది, హార్మోనియం ఉంది, డోలక్ ఉంది. తాళాలు మోగాల్సిన చోట ఇసుక జల్లెడ పడుతున్నట్టు ఏదో గరగర. ఎవరో పనిగట్టుకుని తుడిచేసినట్టే ఉంది. నాకూ అనుమానం పట్టుకుంది.

బాబాయ్ ఇంటికెళ్ళి సీడీ అడిగాను.

"ఎందుకు? మీ నాయన పంపిచ్చాడా?"

"లేదు బాబాయ్, నేనే వచ్చాను. పాటలు మళ్ళీ శుభ్రంగా ఎక్కిస్తాను."

"నా గొంతు తగ్గిచ్చి ఆయన తాళాలు పెంచుతావా ఏంది?"

ఆ మాట అంటూ ఆయన నవ్వలేదు. సీడీ నా చేతికి ఇవ్వలేదు. తనే సంచిలో పెట్టుకుని, గుడి దగ్గర ఆగి కార్డు కూడా తీసుకుని, నా వెంట మా ఇంటికి వచ్చాడు. సీడీ పట్టే పాత కంప్యూటరు అక్కడే ఉంది మరి. నాన్న రమ్మనలేదు. కుర్చీ మాత్రం కాలితో ముందుకు జరిపాడు.

ముందు కార్డు పెట్టి చూశాను. పాటల పేర్ల ముందు అంకెలు, ఆ అంకెల పక్కన రెండేసి చుక్కలు. అలా పెట్టే అలవాటు నాదే. పాట నాణ్యతను చెప్పే బిట్‌రేట్ ముప్పై రెండు, మోనో. అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నికలకు ముందు బాబాయ్ చిన్న మెమరీ కార్డు తెచ్చి, ఉన్న పాటలన్నీ అందులో పట్టాలన్నాడు. నేను అన్నిటికంటే చిన్న అంకె ఎంచుకున్నాను. ఫైలు అంతగా కుదించాలంటే కంప్యూటరు ముందు సన్నని, పైస్థాయి శబ్దాలను వదిలేస్తుంది. నాన్న తాళాలను తీసేసింది నేనే.

ఆ మాట ఇద్దరి ముందూ చెప్పాను. నాన్న బాబాయ్ వైపు చూశాడు.

"సరే, నువ్వు తెలవక చేశావు. ఇన్నేళ్ళు ఫోన్లో వింటన్నోడికి తెలవదా?"

సీడీ పెట్టి, ఈసారి మూడు వందల ఇరవైకి ఎక్కించి వినిపించాను. తాళాలు ఖణేల్మన్నాయి. నాన్న భుజాలు కదిలాయి. బాబాయ్ ముఖంలో మార్పే లేదు.

"ఇప్పుడు బాగుందా బాబాయ్?"

"ఇందాకటికీ దీనికీ తేడా ఏంది?"

నాన్న ఆయన వైపు అదోలా చూసి లోపలికెళ్ళాడు. తాళాలు తెచ్చి, బాబాయ్ కుర్చీ వెనక నిలబడి మెల్లగా ఒక్కసారి తాకించాడు. నేను తల తిప్పాను. బాబాయ్ స్క్రీనుకేసే చూస్తున్నాడు. నాన్న మళ్ళీ తాకించాడు. బాబాయ్ కదల్లేదు.

నాన్న ముందుకొచ్చాడు. ఆయన చేతుల్లోని తాళాలు చూడగానే బాబాయ్‌కి సంగతి అర్థమైంది.

"సన్న చప్పుళ్ళు వినపట్టల్లా. చానా కాలమైంది. నీ చేతులు చూసి పాడేవాణ్ణి."

"ఎవరికీ చెప్పలేదేంది?"

"చెబితే పాడనిస్తారా? నువ్వు మానేసినాక ఎక్కడ తప్పుతానోనని ఒకటే భయం."

నేను పాటలన్నీ పెద్ద అంకెకే ఎక్కించాను. నా ఎంపిక మీద నాకే నమ్మకం పోయింది గనక, ఏమీ కుదించకుండా ఇంకో కాపీ కూడా ఉంచాను. బాబాయ్ వెళ్ళేముందు సీడీని వెలుతురుకు పట్టి, కొత్త గీతలేమైనా పడ్డాయేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి నాన్న అడిగాడు.

"నిజమేనంటావా? నటిస్తన్నాడేమో."

భజన ఉండే శనివారాలు రెండు వచ్చినా నాన్న ఇంట్లోనే కూర్చున్నాడు. మూడో శనివారం తాళాలు తీసుకుని భజనకు వెళ్ళాడని అమ్మ ఫోన్లో చెప్పింది. ఎప్పటిలా పక్కన కాకుండా బాబాయ్‌కి ఎదురుగా కూర్చున్నాడట. ఇద్దరి మధ్యా మాటలు మాత్రం లేవట.