సద్య, హమ్మయ్య

మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి తగ్గాక కాలూ చెయ్యీ తొందరగానే దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. మేం చెప్పేది ఆవిడకు అర్థమయ్యేది. తను చెప్పబోయేదే నోటిదాకా వచ్చి ఆగిపోయేది. గ్లాసు చూపించి ఇదేమిటంటే "తాళం" అనేది. తప్పని తనకే తెలిసి, కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపేది. చిక్కపేట చీరల కొట్లో మామయ్య పక్కనే కూర్చుని, తెలుగులో మొదలైన బేరాన్ని కన్నడంలో ముగించిన మనిషి ఆవిడ. అలాంటి మనిషి మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో స్పీచ్ థెరపిస్టు ఎదురుగా బొమ్మల కార్డులు పట్టుకుని కూర్చుంటే చూడలేక, నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం బెళ్ళందూరు దగ్గర రోడ్డు మునిగిపోయింది. మా ఆయన ఆఫీసు అక్కడే. "బయల్దేరుతున్నా" అని ఫోన్ చేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. టీవీలో సగం మునిగిన కార్లను చూపిస్తుంటే ఆపేశాను. అత్తయ్య నా మొహం చూసి సంగతి కనిపెట్టేసింది. లేచి నెమ్మదిగా బాల్కనీలోకి వెళ్ళి, గ్రిల్ పట్టుకుని నిలబడింది.

"కూర్చోండి అత్తయ్యా, వచ్చేస్తారు."

కదల్లేదు. నా మణికట్టు పట్టుకుని ఏదో అడగబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇద్దరం అలాగే వాన చూస్తూ నిలబడ్డాం.

చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. పరుగెత్తి తీశాను. మా ఆయన నిలువునా తడిసి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. బండి నీళ్ళలో ఆగిపోతే దారిలో వదిలేసి నడిచొచ్చారట. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి స్పష్టంగా, గట్టిగా వినిపించింది.

"సద్య! వచ్చినావా అప్పా!"

ఆయన చేతిలో బూట్లు జారి పడ్డాయి. "అమ్మా! ఏమన్నావ్? ఇంకోసారి అను."

ఆవిడ ప్రయత్నించింది, రాలేదు. అయినా ఈసారి కళ్ళు మూసుకోలేదు. నవ్వుతూ కొడుకు తల తుడవడానికి తువ్వాలు కోసం వెతికింది.

ఈ సంగతి థెరపిస్టుకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. మనం వెతుక్కుని పలికే మాటలు వేరు, సంతోషానికో భయానికో వాటంతటవే పైకొచ్చే మాటలు వేరు అంది. రెండో రకం ఒక్కోసారి ముందు తిరిగొస్తాయట. "ఇకమీదట కార్డులు తక్కువ చేద్దాం. ఆమె చుట్టూ మీరు మామూలుగా మాట్లాడుకోండి" అంది. నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది.

మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. చలికాలానికి చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతోంది. ఒకరోజు ఇద్దరం పులుసులోకి అనపకాయలు, అదే ఇక్కడి గింజ చిక్కుళ్ళు, ఒలుస్తూ కూర్చున్నప్పుడు ఎప్పటినుంచో ఉన్న అనుమానం అడిగాను. పెళ్ళయి తెనాలి నుంచి వచ్చిన కొత్తలో, మేం హమ్మయ్య అనే చోటల్లా వీళ్ళనే ఈ సద్య నన్ను తికమక పెట్టేది. పాలు పొంగిపోకుండా చూసుకుంటే సద్య, ఆఖరి బస్సు దొరికితే సద్య. కన్నడం నుంచి వీళ్ళ తెలుగులోకి వచ్చిందని తర్వాత తెలిసింది.

"అత్తయ్యా, అసలు సద్య అంటే ఏమిటి?"

"సద్య అంటే... ఇప్పటికి. ఇప్పటికి బాగుండాది అని. రేపటిది మనకేం తెలుసమ్మా?"

బళ్ళో చదివిన కాస్త సంస్కృతంలోనూ సద్యః అంటే అప్పుడే, ఆ క్షణమే అని గుర్తొచ్చింది.

"మీ హమ్మయ్యకేం అర్థం?" అని ఎదురడిగింది.

"నాకూ ఎవరూ చెప్పలేదు. అందులో అమ్మా అయ్యా ఉన్నారు కదా, వాళ్ళనే పిలుస్తున్నామేమో."

"కష్టం వచ్చినప్పుడు పిలవాల. పోయినాక పిల్చేదెందుకు?"

"వచ్చినప్పుడూ పిలుస్తాం కదత్తయ్యా. భయమేస్తే అమ్మో అంటాం, బాధేస్తే అయ్యో అంటాం. గండం గడిచాక ఇద్దర్నీ కలిపి ఒకేసారి పిలుస్తాం."

"ముందర ఆ హ ఎందుకుండాది?"

"అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదలాలి కదా!"

ఒలుస్తున్న కాయ పక్కన పెట్టి పెద్దగా నవ్వింది. నా లెక్క పండితులు ఒప్పుకుంటారో లేదో తెలియదు. అత్తయ్య మాత్రం ఒప్పుకుంది.

అంతలో కోలారులో ఉండే ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. మాట పోయినప్పటినుంచీ చెల్లెలి ఫోన్ వస్తే, నన్నే మాట్లాడమని సైగ చేసేది అత్తయ్య. ఆ రోజు చెయ్యి చాపి తనే తీసుకుంది. దొరకని మాట దగ్గర "అదే, అది" అంటూ దాటేసి ముందుకు పోయింది. మిగిలిన కాయలు నేనే ఒలిచాను. పులుసు పొయ్యి మీదికెక్కి ఉడుకు పట్టింది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.