ట్యూబా వెంట పోయిన బ్యాండు

1997 వేసవి చివర్లో నన్ను చిత్తూరు శివార్లలోని ఒక సాయుధ బెటాలియన్‌కు బ్యాండు మాస్టరుగా వేశారు. హోదా సబ్ ఇన్‌స్పెక్టరుది, పని మాత్రం ఇరవై మంది కానిస్టేబుళ్ళ చేత క్లారినెట్లు, కార్నెట్లు, యూఫోనియం, అడుగు స్వరం పలికే పెద్ద ఇత్తడి బూర ట్యూబా, డ్రమ్ములు వాయించడం. వాళ్ళలో సగం మంది పాకాల, పూతలపట్టు చుట్టుపక్కల నాదస్వర కుటుంబాల వాళ్ళు. ఊపిరికి కొదవ లేదు, తాళం పుట్టుకతో వచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

కమాండెంటు నా జాయినింగ్ రిపోర్టు తీసుకుంటూ సంగతి తేల్చేశారు. డీఐజీ గారి వార్షిక తనిఖీకి మూడు నెలలుంది. పోయినేడు ఈ బ్యాండు విని ఆయన టోపీ సర్దుకునే నెపంతో చెవులు మూసుకున్నారు. ఈసారీ అంతే అయితే వాయిద్యాలు స్టోరుకు, మనుషులు ఆయుధాగారం కాపలాకు. క్లారినెట్ వాయించే మునిరత్నం బెటాలియన్లో చేరిందే ఊదడం కోసం. "తుపాకీ పట్టుకుని నిలబడేదానికైతే ఊర్లో శెనిక్కాయలకు కావిలి కాసుకుంటా ఉందును సార్," అన్నాడు.

మొదటి రోజు స్లో మార్చ్ అనే నెమ్మది కవాతు బాణీ మొదలుపెట్టించాను. మన మేళంలో ఎంతమంది ఉన్నా పాట ఒక్కటే. బ్యాండులో అట్లా కాదు. క్లారినెట్ పాట పలుకుతుంటే దాని కింద కార్నెట్ వేరే స్వరం, యూఫోనియం మరొకటి, అడుగున ట్యూబా ఇంకొకటి పలకాలి. స, గ, ప మూడూ ఒకేసారి మోగితే అది కార్డు. కార్డులు ఒకదాని వెనక ఒకటి నడిస్తే హార్మనీ. మావాళ్ళు నాలుగు స్వరాలతోనే బయల్దేరారు. కాసేపటికి కార్నెట్లు క్లారినెట్ల పాటలోకి వెళ్ళిపోయాయి. యూఫోనియం కూడా వెళ్ళింది. ఇంతలో ట్యూబా చెంగల్రాయుడు దారి తప్పాడు. అంతే, బ్యాండు బ్యాండంతా పాట వదిలేసి వాడి వెంట పడింది. ట్యూబా వాయించేది స ప, స ప, అంతకుమించి ఏమీ ఉండదు. ఇరవై మంది పరమ శ్రద్ధగా స ప, స ప అని ఊదుతుంటే సైడ్ డ్రమ్ కానిస్టేబులు నవ్వాపుకోలేక పుల్ల జారవిడిచాడు.

ఏమిటిదని అడిగాను. మునిరత్నం వివరించాడు.

"మేళంలో ఒకడు తప్పితే మిగిలినోళ్ళంతా వాడి దారినే పోవాల సార్. అప్పుడు వినేవాళ్ళకి అది తప్పని తెలీదు. మా నాయన నేర్పిన మర్యాద."

తిరుపతిలో చదువుకునే రోజుల్లో వాదసభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. దయ్యాన్నీ దేవుణ్ణీ నమ్మను గానీ, 'మా నాయన చెప్పినాడు' అన్న మాట వింటే మాత్రం నాకు పూనకం వస్తుంది. ఒకడి తప్పులోకి పంతొమ్మిది మంది దిగితే ఒప్పు కాదు, ఇరవై తప్పులవుతాయి అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

మునిరత్నం ఓపిగ్గా విని, "లెక్క కరెక్టే సార్. అయితే ఈ చెంగల్రాయుడు నా పెండ్లాం తమ్ముడు. వాణ్ణి తప్పులో ఒంటిగా ఇడిసిపెడితే నాకు ఇంట్లో సంగటి పుట్టదు," అన్నాడు.

"ఆయన నా వెంట వచ్చింది ప్రేమతో కాదు సార్, అక్కకు జడిసి," అన్నాడు చెంగల్రాయుడు ట్యూబా వెనకనుంచి.

రెండు స్వరాలు కలిపి పలికిస్తే అపస్వరం, అది ఇంటికి అరిష్టం అని మరొకడు సణిగాడు. స్టోరునుంచి ఒక చెక్క పలక, రెండు తీగలు తెప్పించాను. రెంటినీ ఒకే శ్రుతికి బిగించాను. ఒకదాన్ని సగం దగ్గర నొక్కితే పై షడ్జం, మూడింట రెండు పాళ్ళు మోగనిస్తే పంచమం. రెండో తీగను పూర్తిగా వదిలి రెంటినీ కలిపి మీటాను. స, ప కలిసి హాయిగా మోగాయి. ఈ తీగకు మీ ఇంటి క్షేమసమాచారాలు తెలియవు, దీనికి తెలిసింది తన పొడవొక్కటే అన్నాను.

తర్వాత మా ట్రైనింగ్ స్కూల్లో నేర్చుకున్న చరిత్ర చెప్పాను. పాశ్చాత్యులూ కొన్ని వందల ఏళ్ళు మనలాగే పాడారు. చర్చిల్లో సన్యాసులంతా ఒకే గొంతుగా ఒకే పాట. దాన్ని ప్లెయిన్‌చాంట్ అంటారు. తర్వాత కొందరు అదే పాటను పంచమం నుంచి జతగా పాడారు. అది ఆర్గానమ్. ఆ పైన ఒక గుంపు పాత పాటలోని ఒక్కొక్క స్వరాన్ని సాగదీసి పట్టుకుంటే, పైవాళ్ళు దాని మీద తిరగసాగారు. అట్లా పట్టుకునేవాడికి టెనర్ అని పేరు. లాటిన్లో ఆ మాటకు అర్థం పట్టుకోవడమే.

మునిరత్నం లేచి నిలబడ్డాడు. "అంటే మా ఒత్తు ఊదేవాడు కదా సార్. పాట ఎంత తిరిగినా వాడు పట్టిన 'స'ను ఇడవడు."

"ఒత్తువాడు పాట వెంట పోతే?"

"చెంప పగలగొడతారు."

"మరి అప్పుడు మర్యాద ఏమైంది?"

మునిరత్నం మళ్ళీ కూర్చున్నాడు. చెంగల్రాయుడు ట్యూబాలోకే నవ్వాడు. ఆ నవ్వు గొట్టమంతా తిరిగి గేదె అరుపై బయటికొచ్చింది. వాదసభల్లో అంత తేలిగ్గా నేనెన్నడూ గెలవలేదు. ఆ సంబరంలో అందరికీ టీ తెప్పించాను.

యూరపుకు శతాబ్దాలు పట్టిన దారిని మేం వారాల్లో ఎక్కాం. మొదట ట్యూబా చేత ఒక్క 'స' పట్టించాను. తర్వాత పంచమం జత, ఆపైన గాంధారం. అయినా దగ్గరగా నిలబడితే పాత అలవాటు లాగేది. అందుకని ఒక్కో వాయిద్యం గుంపును పరేడ్ గ్రౌండు ఒక్కో మూలకు తోలి, నేను నడిమధ్యన నిలబడి బేటన్ ఊపాను. రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపించాను. రోడ్డు మీద బస్సుల వాళ్ళు తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. పాలు పోసే ఆయన సైకిలాపి, "ఏం సార్, మీలో మీకు మాటల్లేవా?" అని అడిగాడు.

నాలుగు మూలలూ ఒక్కచోట కలిసిన రోజు స, గ, ప నిటారుగా లేచి నిలబడ్డాయి. ఎవరి స్వరం వాళ్ళదే, మోగేది మాత్రం ఒకటే. ఎవరూ ఆపలేదు. భోజనం బ్యూగిల్ మోగినా ఆపలేదు. ఆ బ్యూగిల్‌ను కూడా కార్డులో కలిపేసుకుని, నవ్వుతో పెదవులు నిలవక ఒక్కొక్కరే ఆగిపోయారు.

తనిఖీ నాడు డీఐజీ గారు వేదిక మీద ఉన్నారు, మేం స్లో మార్చ్ సగంలో ఉన్నాం. చెంగల్రాయుడు ఒక ఆవర్తం ఎగరగొట్టి ముందుకు దూకాడు. కేకేసి చెప్పడానికి బేటన్‌కు నోరు లేదు. మునిరత్నం మెడ బావమరిది వైపు వాలింది. ఆ మెడ నాకు తెలుసు. అది పూర్తిగా తిరిగితే ఇరవై మందీ స ప, స ప, ఆ తర్వాత ఆయుధాగారం. మునిరత్నం కళ్ళు మూసుకుని తన పాట తాను ఊదాడు. కార్నెట్లు కదల్లేదు, యూఫోనియం కదల్లేదు. మైదానమంత తప్పులో ట్యూబా ఒక్కటే మిగిలింది. తడబడి ఆగింది. విన్నది. తర్వాతి 'స' దగ్గర వచ్చి కలిసింది.

డీఐజీ గారి చేతులు చెవులదాకా పోలేదు. బ్యాండును అట్లాగే ఉంచమని కమాండెంటుతో చెప్పి జీపెక్కారు.

వాయిద్యాలు తుడుచుకుంటున్నప్పుడు చెంగల్రాయుడు, "అంతమందిలో నన్నొక్కణ్ణి ఇడిసిపెట్టినావే బావా," అన్నాడు.

"ఇడిసిపెట్టేదేందిరా? నేను ఆడనే ఉండినాను కాబట్టి నువ్వు తిరిగొచ్చేదానికి తావుండింది."

"అక్కకు చెప్తా."

"చెప్పు. రాత్రి సంగటికి మీ ఇంటికే వస్తా."

ఆ తర్వాత మరో రెండు బ్యాండ్లకు నేర్పి రిటైరయ్యాను. కొత్తవాడికి ఐదు గీతల మీద రాసే స్వరలిపి చూపించే ముందే ఒక నియమం చెప్పేవాణ్ణి: పక్కవాడు తప్పితే వెంట పోవద్దు, నీ స్వరం మీద నిలబడు, వాడికి దారి దొరుకుతుంది. తప్పును అందరూ కలిసి చేస్తే దానికి సంప్రదాయమని పేరు వస్తుంది, శ్రుతి మాత్రం రాదు.