తోక బాబాయ్ వెనకబడిన ఆదివారం

మా సైకిళ్ల గుంపులో ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున్నే అరవై కిలోమీటర్లు తొక్కుతాం. అందరికంటే వెనక ఒకరు ఉంటారు. ఎవరి చైను ఊడినా, ఎవరికి ఆయాసం వచ్చినా ఆగి, వాళ్లను ముందుకు సాగనంపి, తాను చివర రావడం ఆ మనిషి పని. నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నది ఒక లిఫ్టు మెకానిక్. యాభై రెండేళ్లు, తాటిచెట్టంత పొడుగు. అందరికీ తోక బాబాయ్. తోక వచ్చిందంటే ఒళ్లంతా వచ్చినట్టేనని మా ధీమా.

బాబాయ్ తాగుతాడు. ఇది రహస్యమేమీ కాదు. రోజూ సాయంత్రం ఏడింటికి మూడు పెగ్గులు, ఎనిమిదిన్నరకు గ్లాసు కడిగి బోర్లించడం. శనివారం మాత్రం నిమ్మకాయ సోడా. తాగిన వాసనతో వచ్చినవాణ్ణి గుంపులోంచి తీసెయ్యాలని మేం పెట్టుకున్న నియమం మరి. ఆరు రోజులు తాగింది ఏడో రోజు చెమటలో పోతుందని ఆయన సిద్ధాంతం.

"సైన్సు చెప్పేవాణ్ణి, నాకే పాఠమా బాబాయ్?" అంటే, "మీ సైన్సు పుస్తకంలో ఉంది మాస్టారూ, నాది మోకాళ్లలో ఉంది" అనేవాడు. ఆ మాటకొస్తే ఎత్తు ఎక్కేటప్పుడు నాకంటే ఆయనకే ఆయాసం తక్కువ. చుక్క ముట్టని నాకు ఒళ్లు మండేది.

ఈ తాగుడు పడలేకే ఆయన భార్య ఆరేళ్ల కిందట వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది. పగలంతా ఆయన లిఫ్టు గొయ్యిలో ఒక్కడే పనిచేస్తాడు. లిఫ్టు ఆగితేనే జనానికి ఆయన అవసరం, కదిలిందా, తలుపు మూసుకుని పైకి పోతారు. ఇంటికొస్తే ఒక కుర్చీ, ఒక గ్లాసు, గోడకు ఆనించిన సైకిలు. వారం మొత్తంలో ఆయన్ను వరస పెట్టి పిలిచేది మేమే. ఆ ఆదివారం కూడా పోతే ఆయనకు మనుషులే లేరు. ఇది మాకు తెలుసు. తెలిసీ పెద్దగా పట్టించుకోని రకం మేం.

పోయిన నెల ఒక శనివారం ఆయన భార్యకు ఫోన్ చేశాడట. శనివారాలు ముట్టడం లేదనీ, నాలుగేళ్లయిందనీ గొప్పగా చెప్పాడట. "మరి మిగతా ఆరు రోజులో?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. న్యాయమైన ప్రశ్నే. ఆ సాయంత్రం సోడా పక్కన పెట్టి ఐదు పెగ్గులు తాగాడు.

మర్నాడు నోట్లో లవంగాలు వేసుకుని వచ్చాడు. సగం దారిలో కళ్లు తిరిగి ఒక కల్వర్టు మీద కూలబడ్డాడు. అందరినీ చూసుకునేవాడు ఆయనే కాబట్టి ఆయన్ను చూసేవాడు లేడు. ముందున్న టీకొట్టు దగ్గర మేం ఆగాం. తలలు లెక్కపెట్టింది నేనే. ఇరవై ఏళ్లుగా బళ్లో హాజరు వేస్తున్నవాణ్ణి. ఎప్పుడూ పన్నెండుమందిమి, ఆ రోజూ పన్నెండే వచ్చింది. కొత్తగా ఒక నర్సమ్మ చేరిందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. "ఇక పదండి" అన్నాను. ఇల్లు చేరాక, టీకొట్టు దగ్గర తీసిన ఫోటో ఫోన్‌లో గుంపుకు పంపి, "అందరం క్షేమం" అని రాశాను. కింద వరసగా బొటనవేళ్లు లేచాయి. వాటిలో బాబాయ్‌దీ ఉంది.

మంగళవారం, మా ఆదివారం ఫోటోలు ప్రతి వారం చూసే మా ఆవిడ ఆ ఫోటో చూస్తూ, "ఆ పొడుగాయన ఏడండీ?" అంది. ఫోన్ లాక్కుని చూశాను. నర్సమ్మ ఉంది, బాబాయ్ లేడు.

మర్నాడు వెతుక్కుంటూ వెళ్లాను. ఒక ఐదంతస్తుల మేడలో, లిఫ్టు గొయ్యిలోకి దిగి గ్రీజు తుడుస్తున్నాడు. అంచున గొంతుక్కూర్చున్నాను.

"ఒక్క ఫోన్ కొట్టొచ్చుగా బాబాయ్!" అని కసిరాను. తప్పు చేసినవాడికే నోరెక్కువ.

"కొడితే ఏమైందని అడుగుతారు. దగ్గరికొస్తే వాసన తెలిసిపోద్ది. గుంపులోంచి తీసేస్తారు" అన్నాడు. "అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చున్నా. మీరే చూసుకుని వెనక్కొస్తారనుకున్నా మాస్టారూ. రెండు గంటలు కూర్చున్నా. వస్తే చెప్పడానికి మాంచి అబద్ధం కూడా అల్లిపెట్టుకున్నా. చెప్పే పనే పడలేదు. ఆఖరికి పాల వ్యానెక్కి వచ్చేశా."

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఇప్పుడెలా తెలిసింది?" అన్నాడు.

"మా ఆవిడ ఫోటో చూసి అడిగింది."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "ఏమని అడిగారు?"

"ఆ పొడుగాయన ఏడీ అని."

"అలాగే అడిగారా?"

"అలాగే."

తల దించుకుని చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత మా ఆవిడకు నమస్కారాలు చెప్పమన్నాడు. ఆమెను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.